గడప బయటి సాక్షి

వారం కిందట కోర్టు వరండాలో ఒకతను కలిశాడు. కోదాడ పక్కనున్న చిలుకూరు దగ్గరి పల్లె నుంచి భూమి తగాదా మీద వచ్చాడు. కాగితాలన్నీ నాకు చూపించి, మళ్లీ సంచిలో సర్దుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు: "గడి కాడ ఊడ్చే ముసల్ది పోయింది సార్. మీకు ఎరుకే గద."

ఊడ్చే ముసల్ది! నాకు ఒళ్లు మండింది. కానీ అతని మీద మండి లాభం లేదు. ఆ ఊళ్లో అందరూ ఆమెను అట్లాగే అనేవాళ్లు. ఆమె పేరు కాగితం మీదికి ఎక్కింది ఒక్కసారే, మా కేసులో సాక్షిగా. అప్పుడు కూడా గుమస్తా తప్పుగా రాశాడు. నేనిక్కడ ఆ పేరు రాయడం లేదు. బతికున్నన్నాళ్లూ ఎవరూ సరిగా పలకని పేరును చచ్చిపోయాక రాసి మంచివాణ్ని అనిపించుకోవాలని నాకు లేదు.

ఆ ఊళ్లో ఒక చిన్న సంస్థానం రాజుల గడి ఉండేది. చుట్టూ రాతి ప్రహరీ, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల మేడ. మేడకు ఎడమ పక్కన గోపాలస్వామి గుడి. ఎప్పుడో ఒక రాణి, బిడ్డలు పుట్టి పుట్టి పోతుంటే మొక్కుకుని కట్టించిందట. పదహారు నల్లరాతి స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం తీగ. కాకతీయుల నాటి పనికి తీసిపోదని చూసినవాళ్లంతా అనేవాళ్లు. పండగ పూట, కల్యాణం నాడు ఊళ్లో పెద్ద కులాల వాళ్లందరికీ దర్వాజ తెరిచేవాళ్లు. మిగతా రోజుల్లో రాజుగారి కుటుంబం, పూజారి, అంతే.

మాదిగవాడ నుంచి ఒక ఇంటివాళ్లు తరతరాలుగా గడి ముందు ఊడ్చి చల్లాలి. ఆమె ఆ ఇంటి కోడలు. పదేళ్లప్పుడు వచ్చి చీపురు పట్టిందట. నేను చూసేనాటికి అరవై దాటాయి. పొద్దున్నే దర్వాజ ముందు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, గడప రాయి దాకా వెళ్లి ఆగిపోయేది. ఆ రాయి అవతల ఊడ్చే పని వేరేవాళ్లది.

వంగి ఊడ్చీ ఊడ్చీ ఆమెకు ఒక వింత అలవాటు పట్టుకుంది. మనుషుల్ని కాళ్లను బట్టి గుర్తుపట్టేది. దర్వాజలో పెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటే తల ఎత్తకూడదు. అందుకని యాభై ఏళ్లు కాళ్లే చూసింది. ఎవరి మడమ పగిలిందో, ఎవరు కుంటుతారో, ఎవరు తాగి వస్తున్నారో అన్నీ ఆమెకు తెలుసు. నేను మొదటిసారి గడి దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ముందు నా కాళ్లే చూసింది.

"కొత్త చెప్పులు. బొబ్బలెక్కినయి. నడిసే అలవాటు లేదు," అంది. "వకీలు దగ్గర పని చేసే పిల్లగానివా?"

అవునన్నాను.

"రా కొడుకా."

నా వెంట వచ్చిన ఊరి పటేలు కస్సుమన్నాడు. "కొడుకా ఏందే? సూర్యాపేట సావుకారు కొడుకాయన. దొరా అనరాదు?"

"సంగపోళ్లు దొరల మీద లడాయి చేసిన నాడే గా మాట పారేసిన పటేలా. మల్ల ఏరుకోలే," అంది చీపురు నేలకేసి దులుపుతూ.

నాకు నవ్వొచ్చింది. పటేలుకు రాలేదు.

నేను అప్పుడు సూర్యాపేటలో ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియర్ని. మాది ధాన్యం కొట్టున్న ఇల్లు. మా నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టాలని చూస్తే నేను నల్లకోటు వేసుకున్నాను. నాగార్జునసాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్త. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఎక్కడ చూసినా వరి, ఎక్కడ చూసినా కొత్త రైసుమిల్లులు. హైదరాబాదులో ఉండే చిన్నరాజుకు అప్పటిదాకా గుర్తురాని గడి అప్పుడు గుర్తొచ్చింది. మేడ, గుడి, ప్రహరీ అన్నీ కలిపి మిల్లు కట్టుకునేవాళ్లకు అమ్మడానికి బేరం పెట్టాడు. గుడికి తాళం పడింది. పూజారికి వేరే చోటు చూసుకోమని కబురొచ్చింది.

ఊరు భగ్గుమంది. పటేలు ముందుండి దావా వేయించాడు. కేసులో తేలాల్సింది ఒక్కటే. ఆ గుడి రాజుగారి ఇంటి గుడా, ఊరందరి గుడా? జనం తమ హక్కుగా లోపలికి పోయి మొక్కుకునేవాళ్లయితే ఊరిది. రాజు దయతలచి రానిస్తే వచ్చేవాళ్లయితే రాజుది. రాజుదైతే అమ్ముకోవచ్చు.

మా సీనియరుకు ఒక ఆలోచన వచ్చింది. "పెద్ద కులాల వాళ్లు ఎంతమంది సాక్ష్యం చెప్పినా, రాజుగారు పిలిస్తే వచ్చారంటారు. అదే, గడి ముందు ఊడ్చే మాదిగ మనిషి నేనూ లోపలికి పోయి మొక్కిన అంటే? ఇక ఆ గుడి అందరిదీ కాదని ఎవడనగలడు? వెళ్లి ఆమెను తయారుచేసి రా."

అందుకే నేను ఆ ఊరు వెళ్లింది. గడి నుంచి ఆమె వెంట నడిచాం, పటేలు వాడ మొదట్లోనే ఆగిపోయాడు. నేను ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. కోదాడ నుంచి సగం దూరం నడిచొచ్చినవాణ్ని, నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్లు నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి ఇవాళ రాస్తున్నప్పుడు వచ్చే సిగ్గు ఆ రోజు రాలేదు.

"అవ్వా, కోర్టుల నిన్ను అడుగుతరు, గుళ్లెకు పోయి మొక్కినవా అని. పోయిన అని చెప్పాలె," అన్నాను.

"పోలే గద."

"పోలేదని నాకెరుకే. అయినా పోయిన అనాలె. గట్లయితేనే గుడి నిలుస్తది."

ఆమె చీపురు గోడకు ఆనించింది. తర్వాత అడిగింది: "సరే, పోయిన అన్ననే అనుకో. ఆ పక్క వకీలు లోపట ఎట్లుంటది అంటే ఏం జెప్పాలె? నాకేమెరుక?"

నాకు హుషారొచ్చింది. ఒప్పుకుందనుకున్నాను. గుడిని నేను చిన్నప్పుడు మా నాన్నతో కల్యాణానికి వచ్చి చూశాను. అంతా చెప్పాను. గడప దాటగానే మండపం, కుడివైపు పెద్ద నగారా, స్తంభాల మీద తీగలు, పైకప్పులో రాతి తామరపువ్వు, గర్భగుడిలో చీకటి, ఆ చీకట్లో దీపం, దీపం వెనక వేణువు పట్టుకున్న స్వామి. ఆమె చెవి ఒగ్గి వింది. మధ్యమధ్యలో "పువ్వు పైకి చూస్తదా కిందికి చూస్తదా?" "ఆయన నవ్వుతడా?" అని అడిగింది. నేను ఇంకా చెప్పాను.

చివరికి ఆమె ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"యాబై ఏండ్లు గా గడప ఊడ్చిన. ఇయ్యాల నువ్వు నోటితోని నాకు గుడి చూపిస్తున్నవ్ కొడుకా."

ఆ మాటలో ఉన్న మంట నాకు తగలలేదు. నా పని అయిపోయిందనుకుని లేచాను.

సాక్ష్యం రోజు ఊరి నుంచి పాతికమంది వచ్చారు. ఆమె ఉతికిన ముతక చీర కట్టుకుని బోనులో నిలబడింది. జడ్జిగారి వైపు చూసి, బల్ల కిందికి వంగి చూడబోయింది. బంట్రోతు కసిరాడు.

"కాళ్లు కనిపిస్తలేవు. మనిషి ఎట్లాంటోడో ఎట్ల తెల్వాలె?" అంది. హాల్లో నవ్వారు.

మా సీనియరు ఊరు, వయసు, చేసే పని అడిగి, అసలు ప్రశ్నకు వచ్చాడు. "గోపాలస్వామి గుడి లోపలికి పోయి నువ్వు దండం పెట్టుకునేదానివా?"

ఆమె నా వైపు చూసింది. ఈసారి కాళ్ల వైపు కాదు.

"పోలే."

సీనియరు గొంతు సవరించుకున్నాడు. "సరిగ్గా గుర్తు తెచ్చుకో. పండగలప్పుడు?"

"పండుగలప్పుడు అసలే పోలే. మమ్ముల రానియ్యలే."

వెనక బెంచీలో పటేలు పళ్లు కొరికిన చప్పుడు నాకు వినిపించిందంటే నమ్మండి. చిన్నరాజు తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన వకీలు చిరునవ్వుతో లేచాడు.

"అంటే రాజుగారు ఎవర్ని రానిస్తే వాళ్లే వచ్చేవాళ్లు. ఎవర్ని వద్దంటే వాళ్లు రాకూడదు. అంతే కదా?"

"మమ్ముల వద్దన్నరు."

"వద్దనే హక్కు ఉందంటే అది రాజుగారి సొంత గుడి అనేగా?"

"గట్లెట్లయితది?" ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఊరి బాయి కాడికి గూడ మమ్ముల రానియ్యరు. గా బాయి గూడ రాజుదేనా? హోటల్ల మాకు గిలాస బయట పెడుతరు. గా హోటలు రాజుదేనా? గుళ్లె నగారా ఉన్నది సూడు, దానికి తోలు మా పెనిమిటి ఎక్కిచ్చేది. ఏటా గడప కాడ పెట్టి వస్తె, నీళ్లు చల్లి లోపటికి తీస్కపోయేది. తోలు లోపటికి పోతది, తోలు ఎక్కిచ్చినోడు పోడు. గుడి రాణి కట్టిచ్చింది గని దేవుణ్ణి రాణి కనలే గద!"

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా," అన్నారు జడ్జిగారు. కోపంగా కాదు, విసుగ్గా.

ఆ కేసులో రెండు పక్షాల వకీళ్లం కలిసి నెలల తరబడి మాట్లాడినదానిలో ఆ బావి మాటకు సాటి వచ్చేది ఒక్కటి లేదు. ఇవాళ అడిగినా అదే అంటాను. కానీ ఆమె వాంగ్మూలం నకలు తీసుకుని చూస్తే అందులో రెండే వాక్యాలు ఉన్నాయి. "నేను గుడి లోపలికి వెళ్లలేదు. మమ్మల్ని రానిచ్చేవారు కాదు." బావి లేదు, గ్లాసు లేదు, నగారా లేదు. అప్రస్తుతమట!

బయటికి రాగానే పటేలు ఆమె మీద పడ్డాడు. "ఒక్క మాట! ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదే? ఊరి గుడి ముంచినవ్!"

ఆమె అక్కడే, జామకాయలు అమ్మే బండి పక్కన, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నేను పోయిన అంటే, మీరు రానిచ్చిన్రు అన్నట్టయితది గద పటేలా. మీ తాత రానియ్యలే, మీ నాయిన రానియ్యలే, నువ్వు రానియ్యలే. చెయ్యని పున్నెం మీ పేరు మీద నేనెందుకు రాపియ్యాలె?"

పటేలు చెయ్యి లేచింది. నేను అడ్డం వెళ్లాను. నా జన్మలో ఆ కేసు గురించి గర్వంగా చెప్పుకోగలిగింది ఆ అడ్డం వెళ్లడం ఒక్కటే.

మూడు నెలలకు తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. ఊరందరికీ హక్కుగా ప్రవేశం ఉన్నట్టు రుజువు కాలేదు, పైగా వాదుల సాక్షే, ఎలాంటి దాపరికమూ లేని సాక్షి, ఒక వర్గాన్ని ఎప్పుడూ రానివ్వలేదని ఒప్పుకుంది, కాబట్టి అది కుటుంబ దేవాలయమే అని రాశారు. చట్టం పుస్తకంలో ఉన్నట్టే రాశారు. జడ్జిగారిని తప్పుపట్టడానికి నాకు ఒక్క అక్షరం దొరకలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

తీర్పు సంగతి చెప్పడానికి నేను మళ్లీ వాడకు వెళ్లాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. కోడలు పక్కన కూర్చుని ఉంది. నేను చదివి, తెలుగులో చెప్పాను.

"నేను నిజం చెప్పిన్నని రాసిండా?"

"రాసిండు అవ్వా."

"మరి గుడి వాళ్లకెట్ల ఇచ్చిండు?"

నేను వివరించబోయాను. ఆమె వినలేదు. చాట కింద పెట్టింది.

"మమ్ముల గెదిమిన్రు, గడప దాటనియ్యలే. గెదిమిన పాపానికి సిచ్చ పడాలె. గాళ్లకు పట్టా అయ్యిందా? మమ్ముల బయట నిలబెట్టుడే గాళ్లకు కాగితమయ్యిందా?"

కోడలు భయంగా నా ముఖం చూసింది. నేను తీర్పు నకలు మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

అప్పీలు వేద్దామని మా సీనియరే అన్నాడు. పటేలు పెదవి విరిచాడు. ఎందుకో తర్వాత తెలిసింది. గడి మేడకున్న చెక్కుడు పని టేకు తలుపులు పటేలు కొత్త ఇంటికి చేరాయి. గుడి కోసం భగ్గుమన్న ఊరు ఒక జత తలుపులతో చల్లారింది. కానీ ఊరి దృష్టిలో గుడిని పోగొట్టింది మాత్రం ఆమే. నాట్లకు పిలవడం మానేశారు. దారిలో ఎదురైతే అపశకునం అన్నారు. గడి ముందు ఊడ్చే పని ఆమే మానేసింది. చీపురు తీసుకెళ్లి గడప రాయి మీద పెట్టి వచ్చిందట.

విగ్రహాన్ని తరలించే రోజు నేను అక్కడున్నాను. సీనియరు పంపలేదు, నేనే వెళ్లాను. పొద్దున తొమ్మిదింటికి దర్వాజ రెండు రెక్కలూ బార్లా తెరిచారు. చిన్నరాజు జీపులో వచ్చాడు. హైదరాబాదు నుంచి తెచ్చిన పూజారులు విగ్రహంలోని దైవశక్తిని కలశంలోకి దించే తంతు చేశారు. ఆ తర్వాత అది దేవుడు కాదు, ఒట్టి శిల అన్నమాట. ఇక ఎవరైనా తాకవచ్చు. చిన్నరాజు మేనేజరు మాదిగవాడకు కబురు పంపాడు, ఇరవై మంది గడ్డపారలు, మోకులు పట్టుకుని రావాలి, విగ్రహం పీఠం నుంచి పెకలించాలి, తర్వాత స్తంభాలు విప్పాలి అని.

వచ్చారు. ఇరవై కాదు, వాడంతా వచ్చింది. ముందు ఆమె నడుస్తోంది. దర్వాజ గడప రాయి దాటింది. గడప రాయి దాటింది. మండపంలోకి అడుగుపెట్టి ఆగి, పైకి చూసింది. తర్వాత నేరుగా గర్భగుడి ముందుకు వెళ్లింది. పూజారులు పక్కకు తప్పుకున్నారు. ఇప్పుడు మైల లేదు కదా!

స్వామి ఆమె మోకాలెత్తు కంటే కాస్త ఎక్కువ ఉంటాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇంతే ఉన్నడా!" అంది చివరికి.

వాడ ఆడవాళ్లలో ఎవరో ఏడ్చారు. ఆమె ఏడవలేదు. వెనక్కి తిరిగి తనవాళ్లతో అంది: "సూసిన్రు గద. పాండ్రి పోదాం. ఎవలూ ముట్టకుండ్రి."

మేనేజరుకు అర్థం కాలేదు. "ముట్టకపోతే ఎట్లా? మిమ్మల్ని పిలిచిందే లేపడానికి."

"దేవుడున్నన్ని దినాలు మేం ముడితే అంటు అన్నరు. దేవుణ్ణి తీసేసినంక ముట్టి మొయ్యమంటున్నరు. ఇయ్యాల మేమే ముట్టం."

చిన్నరాజు జీపు దిగి వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. "కూలి మామూలుకు రెట్టింపు ఇస్తాను. చెప్పండి వాళ్లకు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. తనకు కేసు గెలిపించిన ఆ సాక్షి ఈమేనని ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా ఆయనకు కలగలేదు.

ఆమె కొడుకు చేతిలో గడ్డపార ఉంది. ఇంట్లో గింజ లేని రోజులవి, నాట్లకు పిలవక మూడు నెలలు. వాడు ఒక్క క్షణం తల్లి ముఖం చూశాడు. గడ్డపార భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వాడి వెనక ఒక్కరొక్కరుగా అందరూ.

ఊరి పెద్దమనుషులు దర్వాజ బయట నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒక్కడూ విగ్రహానికి భుజం పట్టలేదు. పల్లకీ మోయడానికి పోటీలు పడ్డవాళ్లే! మధ్యాహ్నం దాకా చూసి చిన్నరాజు వెళ్లిపోయాడు. నాలుగో రోజు మిర్యాలగూడ నుంచి లారీలో కూలీలను తెచ్చి పని కానిచ్చారు. స్వామి ఏ ఇంట్లో ఉన్నాడో నాకు తెలియదు. ఆ చోట ఇప్పుడు మిల్లు నడుస్తోంది.

ఆ రోజు నేను వాడ దాకా ఆమె వెంట నడిచాను. ఏదో చెప్పాలనిపించింది. చెప్పాను.

"అవ్వా, ఆనాడు నిన్ను అబద్ధం చెప్పమన్న. తప్పయింది."

ఆమె నడక ఆపలేదు.

"అబద్దం ఆడుమన్నది తప్పు గాదు కొడుకా. కడుపుకోసం, బిడ్డల కోసం మేం రోజూ ఆడుతనే ఉంటం. గుడి లోపట ఎట్లుంటదో నాకు చెప్పినవ్ సూడు, పువ్వు గిట్ల, దీపం గట్ల అని. చెప్పేటప్పుడు నీకు జర సిగ్గు గాలే. గది తప్పు."

నేను అక్కడే ఆగిపోయాను. ఆమె వెళ్లిపోయింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

ఆ తర్వాత సాక్షుల్ని తయారుచేసే పని మానేశానని ఎవరూ అనుకోవద్దు. మానలేదు. ఇప్పుడు నాకే జూనియర్లు ఉన్నారు, వాళ్లను పంపుతున్నాను. వాళ్లు పల్లెల నుంచి తిరిగొచ్చి, సాక్షి ఒప్పుకున్నాడు సార్, అన్నీ అప్పజెప్పాడు సార్ అని సంతోషంగా చెబుతారు. అప్పుడు అడుగుతాను, చెప్పేటప్పుడు సిగ్గనిపించిందా అని.

ఒక్కడు కూడా ఆ ప్రశ్న తననే అడుగుతున్నానని అనుకోలేదు. "లేద్సార్, వాడు బాగా ధైర్యవంతుడు," అంటారు.